విరాటుని కొలువు – ఉద్యోగధర్మము

తెలుగునాట "కొలువు" అను మాటకు మూడు వ్యవహారములు గలవు. రాజు తీర్చు సభ కొలువు. జీతము గైకొని చేయు ఉద్యోగము కొలువు. భగవంతుని సేవించుటయు కొలుచుటయే. ఉద్యోగమునకును ఆరాధనమునకును ఒకే మాటను వాడిన పెద్దలు ఆ రెంటి నడుమ గోడ కట్టలేదని దీనివలన తెలియుచున్నది.

నేటి గృహస్థు మాత్రము ఆ గోడను కట్టుకొనుచున్నాడు. ఉదయమున దేవుని గూటియెదుట దీపము వెలిగించి నిలుచు కొద్ది నిమిషములు ధర్మమునకు చెందినవనియు, పిదప అన్నపు డబ్బాతో బస్సెక్కినది మొదలు సాయంకాలము వరకు గడచు కాలము పొట్టకూటికి చెందినదనియు తలచుచున్నాడు. మెలకువగానుండు కాలములో సగమునకు పైగా ధర్మముతో సంబంధము లేదని ఒప్పుకొన్నచో ఆ జీవితమున ధర్మమునకు మిగులునదెంత? భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున శ్రీకృష్ణభగవానుడు, తనకేర్పడిన కర్మముచేతనే మానవుడు పరమేశ్వరుని అర్చించి సిద్ధి పొందునని ఉపదేశించెను. చేయు పనియే పూజాద్రవ్యమని తాత్పర్యము. పూజాద్రవ్యము శుద్ధముగా నుండవలెను గదా!

అయితే ఒకరి క్రింద పని చేయుచు ఆ శుద్ధిని కాపాడుకొనుట ఎట్లు? పై యధికారి మాటకు ఎంతవరకు వంగవలెను? ఎచ్చట నిలువవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము మహాభారతమున విరాటపర్వమునందు గలదు. వానలకై గ్రామములలో చదివించు పర్వముగా తెలుగువారు దానినెరుగుదురు. తిక్కన సోమయాజి తన పదునైదు పర్వముల రచనను ఆరంభించినది ఈ పర్వముతోడనే. కాని అది ఉద్యోగులకు పాఠ్యగ్రంథము వంటిదని గుర్తించువారు తక్కువ. రాజ్యమేలిన అయిదుగురన్నదమ్ములును, వారి ధర్మపత్నియు ఒక్క సంవత్సరము పాటు ఒకరి కొలువున బ్రతికిన కథ యది.

చేరుటకు ముందు

పండ్రెండేండ్ల అరణ్యవాసము ముగిసినది. పదుమూడవ యేడు ఎవరికిని తెలియకుండ గడపవలెను. తెలిసెనా, మరల పండ్రెండేండ్లు అడవియే గతి. అట్టి సంకటమున పాండవులు మొదట చేసిన పని, ఎవరికి ఏ విద్య వచ్చునో లెక్కించుకొనుట.

ధర్మరాజు అరణ్యమున బృహదశ్వ మహర్షివలన అక్షహృదయము నేర్చియుండెను. ఏ జూదమువలన సర్వస్వము పోయెనో ఆ విద్యయందలి మర్మమునే తెలిసికొని, కంకుభట్టను పేర విరాటుని సభలో చేరెను. భీముడు వంటయందును మల్లయుద్ధమునందును దిట్ట, వలలుడయ్యెను. అర్జునుడు ఇంద్రలోకమున నున్నపుడు చిత్రసేనుడను గంధర్వునివలన నృత్యగీతములు నేర్చెను. దివ్యాస్త్రములకై వెళ్లినవానికి ఆటపాటలెందులకని అప్పుడు తోచవచ్చును. బృహన్నలకు అన్నము పెట్టినది ఆ విద్యయే. నకులుడు గుఱ్ఱముల స్వభావమును, శిక్షను, చికిత్సను ఎరిగి దామగ్రంథియయ్యెను. సహదేవుడు గోవుల పోషణము తెలిసి తంత్రీపాలుడయ్యెను. ద్రౌపది జడలల్లుట, పూలు కట్టుట, గంధములు తీయుట ఎరిగిన సైరంధ్రియయ్యెను.

ఇందు గమనింపదగినవి మూడు గలవు. మొదటిది, పేర్లను దాచిరిగాని పనితనమును గూర్చి వారు అసత్యమాడలేదు. అజ్ఞాతవాస నియమమును బట్టి పేరు దాచుట తప్పనిసరి. రాని విద్యను వచ్చునని చెప్పుట ఏ నియమమును బట్టియు తప్పనిసరి కాదు. నేడు ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాయువారు చేయని పనిని చేసితిమనియు, పని చేయని చోట రెండేండ్లు పని చేసితిమనియు వ్రాయుట కొన్ని యెడల వాడుకయైనది. అట్లు చేరినవాడు చేరిన నాటినుండియే భయముతో బ్రతుకును. వచ్చిన విద్య కొంచెమైనను అదియే చూపుట మేలు.

రెండవది, ఏ పనిని వారు చిన్నదిగా నెంచలేదు. అశ్వశాలలో నుండుటయో గోశాలలో నుండుటయో తనకు తగదని మాద్రీసుతులు విచారింపలేదు. పొయ్యియెదుట నిలుచుటకు భీమునికి సిగ్గు కలుగలేదు. చదువు ముగించిన యువకులు తాము కోరిన పదవి వచ్చువరకు ఏండ్లకొలది ఊరక కూర్చుండుట తల్లిదండ్రులకును వారికిని క్షేమము కాదు. చేతనున్న విద్యతో దొరకిన గౌరవప్రదమైన పనిలో చేరి, చేయుచునే పై మెట్టునకు ప్రయత్నించుట పాండవుల మార్గము.

మూడవది, వారు ముందుగానే తమ నియమములను తెలిపిరి. జూదపు పందెములను గూర్చి నీచులతో తనకు తగవు రాకుండ చూడవలెనని కంకుభట్టు విరాటునితో చెప్పెను. ఎంగిలి ముట్టననియు, ఎవరికిని పాదములు కడుగననియు సైరంధ్రి సుదేష్ణతో చెప్పెను. రాణి అంగీకరించిన పిదపనే చేరెను. జీతమెంత, పనియేమి, వేళలెవ్వి, సెలవు లెన్ని అను విషయములను చేరు దినముననే వినయముగా అడిగి తెలిసికొనుట అత్యాశ కాదు. అడుగక చేరి, పిదప నెలనెల గొణుగుటకన్న అది మర్యాద. అడుగనిదే అమ్మయైనను పెట్టదని సామెత యుండనే యున్నది.

ధౌమ్యుని బోధ

పాండవులు విరాటనగరమునకు బయలుదేరుటకు పూర్వము పురోహితుడగు ధౌమ్యుడు వారిని కూర్చుండబెట్టి సేవాధర్మమును బోధించెను. ఇంతవరకు ఆజ్ఞాపించుటయే ఎరిగినవారికి ఇకమీద ఆజ్ఞకు లోబడుట నేర్పవలసి వచ్చినది. వ్యాసుడును తిక్కనయు ఆ ఉపదేశమును విపులముగా వర్ణించిరి. దాని సారమును నేటి కార్యాలయమునకు అన్వయించి చూచినచో అందలి మాట ఒక్కటైనను పాతబడలేదని తెలియును.

ప్రవేశమును గూర్చి ధౌమ్యుడు మొదట చెప్పెను. ద్వారమున అనుమతి గైకొని లోనికి పోవలెను. ఇతరులు ఆశింపని ఆసనమున కూర్చుండవలెను. రాజునకు ఎదురుగా గాని వెనుకగా గాని గాక ప్రక్కన నుండవలెను. ఎదుటి స్థానము గొప్పవారిది, వెనుకటి స్థానము ఆయుధహస్తులగు రక్షకులది. క్రొత్తగా చేరినవాడు మొదటి మాసముననే ఇంకొకని కుర్చీని, ఇంకొకని పనిని కోరుకొనుట వైరమునకు విత్తనము వేయుటయే. ఎవరి కెచ్చట స్థానమో మొదట కనిపెట్టవలెను.

మాటను గూర్చి ఆయన చెప్పినది మరియు సూక్ష్మమైనది. అడుగనిదే సలహా చెప్పరాదు. సభలో అందరు మాటలాడునపుడు బొత్తిగా నోరు మూసికొనియు నుండరాదు, కంఠమెత్తి అందరిపై పడియు మాటలాడరాదు. ప్రియమును హితమును అగు మాటనే చెప్పవలెను. రెండును కుదరని యెడల ప్రియమును విడిచియైనను హితమును చెప్పవలెను. ముఖస్తుతికి ధౌమ్యుడు తావీయలేదని ఇందువలన తెలియుచున్నది. అధికారి వేసిన లెక్క తప్పైనపుడు తల ఊపువాడు ఆయనకు మిత్రుడు కాడు. అయితే ఆ తప్పును పదిమందిలో చూపుట యొకటి, ఏకాంతమున కాగితము చేతికిచ్చి చూపుట వేరొకటి. నోరు మంచిదైన ఊరు మంచిదగును. కార్యాలయమును ఒక ఊరే.

నడవడిని గూర్చి చెప్పుచు, రాజు సన్నిధిని చేతులు కాళ్లు ఊరక ఆడింపరాదనియు, బిగ్గరగా నవ్వరాదనియు, ఉమ్మి వేయరాదనియు చెప్పెను. నవ్వు వచ్చు సందర్భమున రాయివలె బిగిసియుండుటయు తప్పే, చిరునవ్వు చాలును. రాజు వేషమును అనుకరింపరాదు. రాజు ఇంటిని మించిన ఇల్లు కట్టుకొనరాదు. ఈ కడపటి మాట విని నవ్వుకొనువారు కలరు. కాని జీతమునకు మించిన ఇంటిని చూచినపుడు లోకమునకు మొదట కలుగునది అసూయ కాదు, అనుమానము. అనుమానమునకు చోటీయని బ్రతుకే ఉద్యోగికి గట్టి కవచము.

రహస్యమును గూర్చి: లోపల వినిన మాట లోపలనే యుండవలెను. రాజు ఎప్పుడైన అసత్యమాడినను దానిని బయట చాటరాదు. ఆయన ద్వేషించువారితో చెలిమి చేయరాదు. ఆ కాలమున రహస్యము ఒక నోటినుండి ఒక చెవికి పోయెడిది. నేడు చేతిలోని ఫోనునందు ఒక్క మీట నొక్కినంతనే వందలమందికి పోవుచున్నది. సహోద్యోగిని గూర్చి క్షణికావేశమున పంపిన నాలుగు ముక్కలు ఏండ్ల తరువాత పంపినవాని యెదుటనే సాక్ష్యము చెప్పును. వ్రాయుటకు ముందు, ఈ మాటను ఆ మనిషి యెదుట నిలిచి చెప్పగలనా అని తన్ను తాను ప్రశ్నించుకొనుట మంచిది. అక్రమమును మూసిపుచ్చుమని ధౌమ్యుని మాటకు అర్థము కాదు. కబుర్లకై చాటుట వేరు, అన్యాయమును తగిన చోట విన్నవించుట వేరు.

శ్రద్ధను గూర్చి: ఎండయనక, వానయనక, పగలనక, రాత్రియనక పనికి సిద్ధముగా నుండువాడే రాజసదనమున నిలుచును. ఇంకొకనికి ఆజ్ఞ ఇచ్చుచుండగా తాను ముందుకు వచ్చి "నేనేమి చేయుదును?" అని అడుగువాడే ఎదుగును. రామాయణమున యుద్ధకాండారంభమున శ్రీరామచంద్రుడు సేవకులను మూడు విధములుగా విభజించెను. అప్పగించిన కష్టకార్యమును నెరవేర్చి, దానికి అనుకూలమైన మరియొక కార్యమునుగూడ సాధించువాడు ఉత్తముడు. సమర్థుడయ్యును చెప్పినంత మాత్రమే చేయువాడు మధ్యముడు. శక్తి యుండియు చెప్పినదియు చేయనివాడు అధముడు. హనుమంతుని పంపినది సీతాన్వేషణమునకు. ఆయన సీతను చూచుటయే గాక లంక బలమును, కోటను, ద్వారములను, సైన్యమును పరికించి వచ్చెను. వచ్చినవాడు తాను సముద్రము దాటిన శ్రమతో కథ నారంభింపలేదు. సీత కనబడినదను ముక్కను ముందు చెప్పి, వినువారి ప్రాణము నిలిపి, పిదప వివరము చెప్పెను. అధికారికి నివేదిక వ్రాయువారు నేర్వవలసిన పద్ధతి యిది. ఫలితము ముందు, వివరము వెనుక, తన కష్టము అడిగినప్పుడు మాత్రమే.

గర్వమును గూర్చి ధౌమ్యుని హెచ్చరిక కడు ముఖ్యమైనది. "నేను ప్రభువునకు ఇష్టుడను" అని తలచి ఆయన వాహనమును, ఆసనమును ఎక్కరాదు. మన్నన కలిగినపుడు పొంగరాదు. అనాదరము కలిగినపుడు క్రుంగరాదు. శాంతిపర్వమున భీష్ముడు దీనికి తగిన కథను చెప్పెను. ఒక ముని ఆశ్రమమున కుక్క యొకటి యుండెను. చిరుతపులి తరుమగా ముని దానిని చిరుతగా మార్చెను. పిదప దానికి పెద్దపులి భయము, ఏనుగు భయము, సింహము భయము కలుగగా క్రమముగా ఆ రూపముల నిచ్చి, తుదకు శరభముగా చేసెను. అంత నది మునినే చంపదలచెను. ముని దానిని మరల కుక్కను చేసెను. యోగ్యతను మించి పదవి యీయరాదని రాజునకును, పదవి యిచ్చిన చేతిని మరువరాదని సేవకునకును ఈ కథ నీతి.

ధనము – లెక్క

పనిలో నియమింపబడినవాడు ధనమును తాకరాదని, తాకినచో బంధనమో మరణమో తప్పదని ధౌమ్యుడు స్పష్టముగా చెప్పెను. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున ఈ విషయమును మిక్కిలి లోతుగా పరిశీలించెను. అధికారులు రాజధనమును అపహరించు విధములు నలువది అని ఆయన గణించెను. వచ్చిన సొమ్మును వ్రాయకుండుట, తరువాత వచ్చినదానిని ముందు వచ్చినట్లు వ్రాయుట, ఒకరు ఇచ్చినదానిని వేరొకరి పేర వ్రాయుట ఇత్యాదులు వానిలోనివి. నాలుకపై పెట్టిన తేనెను రుచి చూడకుండుట ఎట్లు దుస్సాధ్యమో, రాజధనము చేతులలో మెదలువానికి దానిని కొంచెమైనను తినకుండుట అట్లు దుస్సాధ్యమని ఆయన అభిప్రాయము. కావుననే మనస్సును మాత్రమే నమ్మక లెక్కను నమ్మవలెను.

తిరుమల క్షేత్రమున ఈ ధర్మమునకు నిత్యనిదర్శనము గలదు. ప్రాతఃకాలమున తోమాలసేవానంతరము స్నపనమండపమున కొలువు శ్రీనివాసమూర్తిని వేంచేపు చేసి, పంచాంగశ్రవణము చేయించి, ముందటి దినపు ఆదాయ వివరములను స్వామికి విన్నవింతురు. సర్వజ్ఞుడగు స్వామికి లెక్క తెలియక కాదు. లెక్క చెప్పువానికి, తాను చెప్పవలసినవాడనను ఎరుక కలుగుటకు. చేతికి వచ్చిన ప్రతి రూపాయిని ఏనాటికానాడు వ్రాసి, సాయంకాలము సరిచూచుకొని, స్వామికి విన్నవించినట్లు భావించి పెట్టె మూయు గుమాస్తాకు రాత్రి నిద్ర పట్టును.

లంచము విషయమున నేటి శాసనము గూడ స్పష్టముగా నున్నది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టమునకు 2018లో చేసిన సవరణముతో పుచ్చుకొనువాడే గాక, ఇచ్చువాడును శిక్షార్హుడగుచున్నాడు. చట్టమునకు భయపడి మానుట కనీసధర్మము. ఆ కూడు బిడ్డల విస్తరిలో వడ్డింపరాదని మానుట ఉత్తమధర్మము.

ఆజ్ఞకు హద్దు

ఇంతవరకు చెప్పినది విధేయత. విధేయతతోనే విరాటపర్వము ముగిసియున్నచో అది సేవకులకు మాత్రమే ఉపయోగపడు గ్రంథమగును, ధర్మగ్రంథము కాజాలదు. ధౌమ్యుడు బోధించిన నియమములన్నియు పాటించిన సైరంధ్రికి కలిగిన ఆపద దీనికి తార్కాణము.

రాణి తమ్ముడగు కీచకుడు సేనాపతి. విరాటుడు పేరునకు రాజు, బలము కీచకునిది. ఆతడు సైరంధ్రిని కామించి అక్కగారిని వేడుకొనెను. సుదేష్ణ మధుపాత్ర చేతికిచ్చి, కీచకుని ఇంటినుండి మద్యము తెమ్మని సైరంధ్రిని ఆజ్ఞాపించెను. ఆమె వెంటనే వెళ్లలేదు. ఆతని బుద్ధి మంచిది కాదని చెప్పెను. ఇతర దాసీజనమును పంపుమని కోరెను. రాణి వినలేదు. గత్యంతరము లేక సూర్యభగవానుని ప్రార్థించి వెళ్లెను. కీచకుడు చేయి పట్టబోగా విడిపించుకొని, పరుగున రాజసభకు వచ్చి మొరపెట్టెను. ఆతడు వెంటబడి వచ్చి సభలోనే ఆమెను తన్నెను. విరాటుడు, పరోక్షమున జరిగిన తగవు తనకు తెలియదని తప్పుకొనెను.

ఆమె మొదట నోటితో కాదనెను, పిదప సభలో అందరియెదుట చెప్పెను, రాజు ధర్మమును నిలదీసెను, అచ్చటను న్యాయము దొరకనపుడు రాత్రివేళ వంటశాలకు పోయి తన్ను రక్షింపగల భీమునికి చెప్పెను. ఎచ్చటను ఆమె, ఇది తన తప్పేమోయని తల వంచుకొని మౌనముగా నుండలేదు. కొలువు పోవునని గాని, పరువు పోవునని గాని ఊరకుండలేదు. యజమానురాలి ఆజ్ఞకన్న తన శీలము పెద్దదని ఆమె నిర్ణయము. వ్యాసుడు ఆమె పక్షముననే నిలిచెను. విరాటుని మౌనము ఆయన సభకు మాయని మచ్చగా నేటికిని చదువబడుచున్నది.

ద్రౌపదికి ఆనాడు శాసనరక్షణ లేదు. నేటి స్త్రీకి గలదు. 1997లో సర్వోన్నత న్యాయస్థానము విశాఖ తీర్పునందు మార్గదర్శక సూత్రములను నిర్ణయించెను. పిదప 2013లో పనిచేయు చోట స్త్రీలపై లైంగికవేధింపులను నివారించు చట్టము వచ్చెను. పదిమందియో అంతకు మించియో పనిచేయు ప్రతి చోటను స్త్రీ అధ్యక్షతన అంతర్గత సంఘము నేర్పరుపవలెను. పదిమందికి తక్కువగా నున్నచో, జిల్లాస్థాయిలోని స్థానిక సంఘమునకు చెప్పుకొనవచ్చును. సంఘటన జరిగిన మూడు మాసములలోపున వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను. తగిన కారణమున్నచో సంఘము మరి మూడు మాసములు గడువు పెంచవచ్చును. ఈ సంగతి తెలియని తల్లిదండ్రులు, కుమార్తె ఇంటికి వచ్చి కన్నీరు పెట్టుకొన్నపుడు "సర్దుకొనుము, ఉద్యోగము పోవును" అని చెప్పుట విరాటుని మౌనము వంటిదే. అట్టివేళ ఇంటివారు భీమునివలె ఆమె మాట విశ్వసించి అండగా నిలువవలెను. అయితే చేయి చేసికొనుట నేటి ధర్మము కాదు. చట్టమే నేటి గద.

స్త్రీల విషయమున మాత్రమే గాక, అధర్మమైన ప్రతి ఆజ్ఞ విషయమునను ఇదియే క్రమము. తప్పుడు లెక్క వ్రాయుమనియో, లేని సరకు వచ్చినట్లు సంతకము చేయుమనియో అధికారి నోటిమాటగా చెప్పినపుడు, ఉద్యోగి కోపింపనక్కరలేదు. వ్రాతపూర్వకముగా ఇప్పింపుడని వినయముగా కోరినచో చాలును. కేంద్రప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనానియమావళి గూడ పై యధికారి ఆదేశము సాధారణముగా వ్రాతలో నుండవలెనని చెప్పుచున్నది. నోటితో ఆదేశింపవలసి వచ్చినచో వెంటనే వ్రాతతో ధ్రువపరుపవలెను. క్రిందివాడు ఆ ధ్రువీకరణమును అడిగి తీసికొనవలెను. పలు అక్రమాజ్ఞలు కాగితమును చూచినంతనే వెనుకకు పోవును.

అవమానము కలిగినపుడు

కీచకుని వంటి దుష్టుడు అందరికిని తటస్థింపడు. కాని అన్యాయముగా ఒక మాట పడని ఉద్యోగి యుండడు. దానికి ధర్మరాజు కథ ఉదాహరణము. ఉత్తరగోగ్రహణమున కౌరవులను జయించినది బృహన్నల. విరాటుడు తన కుమారుడే గెలిచెనని పొంగిపోవుచు జూదమాడుచుండెను. బృహన్నల తోడుండగా గెలువకుండుట ఎట్లని కంకుభట్టు సత్యమును చెప్పెను. రాజు కోపించి పాచికతో ఆయన ముఖముపై కొట్టెను. ముక్కునుండి నెత్తురు కారినది. అది నేల పడకుండ సైరంధ్రి పాత్రలో పట్టెను.

ధర్మరాజు ఆ నిమిషమున తానెవరో వెల్లడించి విరాటుని వణికింపగలడు. అట్లు చేయలేదు. పైగా బృహన్నల లోనికి రాకుండ ద్వారపాలకుని చెవిలో చెప్పి ఆపించెను. యుద్ధమున గాక తన అన్న నెత్తురు కన్నుల జూచినచో అర్జునుడు కొట్టినవానిని ప్రాణములతో విడువడు. దెబ్బ తిన్నవాడే కొట్టినవానిని కాపాడెను. చెప్పిన సత్యమును మాత్రము వెనుకకు తీసికొనలేదు. పిదప కుమారునివలన తన తప్పు తెలిసిన రాజు క్షమాపణము కోరగా, అప్పుడే క్షమించితినని చెప్పెను.

సైరంధ్రి ఎదిరించుటయు, కంకుభట్టు సహించుటయు పరస్పర విరుద్ధములు కావు. అచ్చట భంగపడబోయినది ధర్మము. ఇచ్చట భంగపడినది అభిమానము. అభిమానమునకు దెబ్బ తగిలినపుడు ఓర్వవలెను. ధర్మమునకు దెబ్బ తగులబోవునపుడు ఓర్వరాదు. ఈ రెంటిని వేరుపరుపలేకయే చాలమంది ఉద్యోగులు తలక్రిందులు చేయుచున్నారు. అధికారి పలుకరింపలేదని రాజీనామా వ్రాయుదురు. తప్పుడు కాగితముపై మాత్రము మాటాడక సంతకము చేయుదురు. కోపము వచ్చిన దినమున రాజీనామా వ్రాయరాదు. ఒక రాత్రి గడవనిచ్చి, ఇందు గాయపడినది అభిమానమా, ధర్మమా అని విచారించుకొనవలెను.

కొలువు ముగిసిన నాడు

అజ్ఞాతవాసము ముగిసినది. పాండవులు తమ స్వరూపములతో సభలో కూర్చుండిరి. వారెవరో తెలిసిన విరాటుడు ఆనందపరవశుడై తన కుమార్తె ఉత్తరను అర్జునునికి ఇచ్చెదననెను. అర్జునుడు అంగీకరింపలేదు. తాను సంవత్సరము ఆమెకు నాట్యము నేర్పిన గురువుననియు, ఆమె తన్ను తండ్రివలె విశ్వసించెననియు, పెండ్లియాడినచో లోకము ఇన్నాళ్ల తన నడవడిని శంకించుననియు చెప్పి, ఆమెను తన కోడలిగా, అభిమన్యునకు భార్యగా స్వీకరించెను.

కొలువులో నున్నపుడు కలిగిన చనువును, నమ్మకమును కొలువు ముగిసిన పిదపనైనను స్వలాభమునకు వాడుకొనరాదని అర్జునుడు చూపెను. పనిచేసిన చోటి రహస్యములను క్రొత్త చోట అమ్ముకొనువారికిని, పదవీవిరమణానంతరము పాత అధికారమును చూపి పనులు చేయించుకొనువారికిని ఇది గుణపాఠము. వెళ్లునాడు ఎవని లెక్క సరిగానుండునో, ఎవని చేతినుండి తాళములు సంతోషముతో అందుకొందురో వానిది సార్థకమైన కొలువు.

కొలువులో చేరుటకు ముందు పాండవులు తమ ఆయుధములను మూటగట్టి జమ్మిచెట్టుపై దాచిరి. నేటికిని విజయదశమినాడు తెలుగువారు జమ్మిని పూజింతురు. ఆ ఆయుధములను వారు పారవేయలేదు, తాకట్టు పెట్టలేదు, అమ్ముకొనలేదు. ఏడాది నిండినప్పుడు పోయి దించి చూడగా అవి పెట్టినవి పెట్టినట్లే యుండెను. ఉద్యోగి తన గర్వమును, కోపమును, "నేనెంతటివాడను" అను భావమును జమ్మిచెట్టుపై పెట్టి కొలువునకు పోవలెను. యజమానికి తన విద్యను, కాలమును, శ్రద్ధను సంపూర్ణముగా నీయవలెను. ధర్మమును మాత్రము ఈయరాదు. అది జీతమునకు అమ్ముడుపోవు వస్తువు కాదు, భగవంతునిది. అట్లు పనిచేసి సాయంకాలము ఇంటికి వచ్చి దీపము వెలిగించి చేతులు జోడించు గృహస్థునికి, ఉదయమునుండి తాను చేసినదంతయు ఆ స్వామి కొలువేనను తృప్తి కలుగును. శ్రీనివాసుని కటాక్షమువలన ప్రతి ఉద్యోగికి అట్టి తృప్తి లభించుగాక!